డీకనమ్మ గంప

మొన్నీమధ్య చదువు ముగించుకుని పాస్టర్లుగా పనిలో చేరబోతున్న నలుగురు మా ఇంటికి వచ్చారు. చేతుల్లో కొత్త సంచులు, మొహాల్లో కొత్త గంభీరం. "అయ్యగారూ, మీ సర్వీసులో నేర్చుకున్నది ఏదైనా రాసిపెట్టండి, మాకు పనికొస్తుంది" అన్నారు. నేను ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ కమిటీలో ఉన్నానో రాస్తే వాళ్లకే కాదు, నాకూ నిద్ర వస్తుంది. అందుకని ఒక్క మాట గురించి రాస్తున్నాను. డీకను అనే మాట. దాని అర్థం నాకు తరగతి గదిలో ఒకసారి చెప్పారు. పనిలో పడి రెండు తప్పులు చేస్తే గానీ అది బుర్రకెక్కలేదు.

పల్లె పేరు రాయను. చందర్లపాడు పక్కన అనుకోండి, చాలు. ఒకరిద్దరి పేర్లు మార్చాను. రాహేలమ్మ పేరు మార్చడానికి మాత్రం మనసొప్పలేదు.

తరగతిలో చెప్పిన అర్థం

డీకను అంటే సంఘంలో పాస్టరు తర్వాత అంతటి పెద్ద అని నేను పరీక్షలో రాస్తే మా గ్రీకు మాస్టారు గుండు సున్నా వేశారు. అసలు గ్రీకులో ఆ మాటకు అంత హోదా లేదు. భోజనాల బల్ల దగ్గర నిలబడి వడ్డించేవాడు, యజమాని కబురు పట్టుకుని పరుగెత్తేవాడు డీకను. తొలి సంఘాల్లో విధవరాళ్లకు రోజూ పెట్టే భోజనం అందరికీ సమంగా అందడం లేదని గొడవ వస్తే, వడ్డన చూసుకోవడానికి కొందరిని ఏర్పరచారు. పదవి ఆ పనిలోంచే పుట్టిందని పెద్దలు చెబుతారు. ఆ రోజుల్లో స్త్రీలకూ ఆ పేరు ఉండేది. లాటిన్‌లో అదే అర్థానికి మినిస్టరు అన్నారు. అంటే మంత్రిగారూ, విస్తళ్లు ఎత్తేవాడూ ఒకే ఇంటివాళ్లన్న మాట. మలబారు వైపు సిరియను క్రైస్తవులు శెమ్మాశు అంటారు, అదీ సేవకుడే. ఆ గ్రీకు మాటకు దుమ్ములోంచి నడిచి వచ్చినవాడు అని మరో వ్యుత్పత్తి కూడా చెప్పి, "దీన్ని పండితులు ఒప్పుకోరు, నాకు మాత్రం ఇష్టం" అన్నారు మాస్టారు. తర్వాత ఎండాకాలంలో ముక్త్యాల దారిలో సైకిలు తొక్కినప్పుడల్లా అది గుర్తుకొచ్చేది.

తెలుగులో పరిచారకుడు అని చక్కగానే పెట్టారు. కానీ మా పల్లెల్లో ఆ మాట ఎవరూ నోట పట్టలేదు. తరతరాలుగా ఊరందరికీ వెట్టి చేసినవాళ్లం మేము. చర్చిలో కూడా పరిచారకుడని పిలిపించుకోవడానికి ఎవరికి మనసొస్తుంది? డీకనుగారు అంటే అది తహసీల్దారుగారికి దగ్గరగా వినపడేది. దాన్ని నేను తప్పు పట్టను. ఆ గౌరవం కోసం మా తాతలు చాలా కాలం ఎదురుచూశారు.

నందిగామ బెంచీ

పంతొమ్మిది వందల యాభైల్లో నా మొదటి పని నందిగామలో. అక్కడ డీకన్లు గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు. చాపలు పరవడం, కీసర నుంచి నడిచొచ్చిన వాళ్లకు మంచినీళ్లు ఇవ్వడం, ముసలివాళ్లను చెయ్యి పట్టి కూర్చోబెట్టడం వాళ్ల పని. అందరూ కింద కూర్చుంటే వీళ్లు చివరిదాకా నిలబడే ఉండేవారు. నాకు అది చూడ్డానికి బాగోలేదు. వడ్రంగిని పిలిచి మంచి బెంచీ చేయించి, ప్రసంగ వేదిక పక్కన వేయించాను. డీకన్లు సంబరపడిపోయారు.

మూడు నెలలు తిరక్కుండానే చాపలు ఎవరికి వారే పరుచుకోవలసి వచ్చింది. ఒక ఆదివారం ఒక ముసలమ్మ గడప తట్టుకుని బోర్లా పడింది. బెంచీ మీద నలుగురు డీకన్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు తప్ప లేవలేదు. లేచినవాడి చోట్లో ఇంకొకడు కూర్చుంటాడని వాళ్ల భయం. బెంచీ తీయించేశాను. నాకు బదిలీ అయ్యేదాకా రెండు కుటుంబాలు నాతో మాట్లాడలేదు. డీకను అంటే ఏమిటో అర్థమైపోయిందని నేను మాత్రం నా భుజం నేనే తట్టుకున్నాను. ఎంత అర్థమైందో తర్వాతి పల్లెలో తేలింది.

శనివారం సాయంత్రం

ఆ పల్లెలో చర్చి పక్కనే మా ఇల్లు. మెరక నేల, మిరప తోటలు, జొన్న చేలు. వరి అన్నం పండగపూటే. మా ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది. పొయ్యి వెలిగించినప్పుడల్లా ఆ పూట దంచుకునే జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేవారు. అది దేవుడి పిడికెడు. శనివారం సాయంత్రం ఆ గింజలు పోగుచేయడానికి రాహేలమ్మ వచ్చేది.

అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాడు. అక్షరం ముక్క రాదు. నడుము మాత్రం కర్రలాగా నిటారుగా ఉండేది. నెత్తిన వెదురు గంప, దాని మీద నాలుగు మడతలు వేసిన పాత దుప్పటి ముక్క. ఏ ఇంటికి వెళ్లినా తిన్నగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి పక్కన గంప దించేది. ఇంటామెకు వీపు పెట్టి, గుమ్మం వైపు తిరిగి నిలబడి వానల సంగతో, మేకల సంగతో మాట్లాడేది. కాసేపటికి గంప ఎత్తుకుని ఇంకో ఇంటికి నడిచేది. నేను వసారాలో ఆదివారం ప్రసంగం రాసుకుంటూ ఉంటే నా పక్కనుంచే లోపలికి వెళ్లి వచ్చేది.

మొదట్లో పేటలో అందరికంటే ముందు మా ఇంటికే వచ్చేది. అది పాస్టరు ఇంటికి ఇచ్చే మర్యాద అనుకునేవాణ్ణి. వానలు మొహం చాటేసిన ఏడు, మా ఇంటికి అందరికంటే చివర్న రావడం మొదలుపెట్టింది. నాకు కాస్త చిన్నతనం అనిపించి అడిగాను కూడా.

"ఏం రాహేలమ్మా, మా ఇల్లు ఇప్పుడు ఆఖరైపోయిందే?"

"దారి మారిందండి" అంది, అంతే.

నేను తెచ్చిన మంచి పద్ధతి

ఆ సంఘానికి ఒకే డీకను, ఏసుదాసు. యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. బూట్లు, సైకిలు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు ఉన్నవాడు. చెడ్డవాడు కాదు. అన్నీ వరసలో ఉండాలన్న పట్టుదల మనిషి.

"ఆ గుడ్డ కింద ఏముందో ఎవురికి తెలుసండి? మిలిట్రీలో అయితే లైన్లో నిలబడి అందరి ముందు తీసుకోవాలండి" అన్నాడు నాతో.

నాకు నచ్చింది. అందరి ముందూ ఇవ్వడం, అందరి ముందూ పుచ్చుకోవడం, ఇదే కదా తొలి సంఘాల పద్ధతి అనుకున్నాను. రాహేలమ్మను పిలిచి ఇక గంప అక్కర్లేదని చెప్పాను. "మీ ఇష్టం అయ్యగారూ" అని దుప్పటి ముక్క మడతపెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం వేదిక ముందు ఇత్తడి గంగాళం పెట్టించాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గింజలు పోస్తుంటే, మిగతావాళ్లు పాట పాడుతుంటే, నా కళ్లు చెమర్చాయి. ఆరాధన అయ్యాక ఏసుదాసు నిలబడి, అవసరంలో ఉన్నవాళ్ల పేర్లు గట్టిగా పిలిచాడు. మొదటి పేరు ఇర్మియా. బావులు తవ్వే మనిషి. బావిలో బండ జారి మోకాలు నుజ్జయింది. కర్ర పట్టుకుని ముందుకొచ్చి, తువ్వాలు పరిచి, గింజలు మూటగట్టుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు. సంఘం అంటే ఇట్లా ఉండాలి అనుకున్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడను మాత్రం మందలించాను. ఆమె పోసింది మరీ పలచగా ఉంది. "అయ్యగారి ఇల్లాలివి, అందరూ చూస్తుంటారు. దోసిలి నిండా పొయ్యాలి గదా" అన్నాను. సరేనంది. ఆ తర్వాతి మూడు ఆదివారాలూ దోసిలి నిండానే పోసింది.

ఇర్మియా ఇల్లు

నాలుగో ఆదివారం అయిన మర్నాడు మిట్టమధ్యాహ్నం రాహేలమ్మ వచ్చింది. "అయ్యగారూ, ఒక్కసారి నాతో రండి" అంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఇర్మియా గుడిసె ముందు ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ మొదటి ఆదివారం తర్వాత అతను చర్చిలో కనపడలేదని.

లోపల అతని భార్య సారమ్మ జ్వరంతో పడుకుని ఉంది. పొయ్యి మీద చట్టిలో చింతగింజలు ఉడుకుతున్నాయి. కరువు రోజుల్లో వాటిని వేయించి, పైపొట్టు కొట్టి, ఉడకబెట్టుకుని తినేవాళ్లు. ఎన్నాళ్ల నుంచి అవే తింటున్నారో ఆమె చేతి ఎముకలు చూస్తే తెలుస్తోంది.

"చర్చికి రావటం లేదేం ఇర్మియా?" అన్నాను. అంతకంటే తెలివైన మాట నాకు తోచలేదు.

"వస్తే పేరు పిలుస్తారు గదండి."

"పిలిస్తే ఏమయ్యా, మనమంతా ఒక కుటుంబమే కదా?"

అతను నా వైపు చూడకుండా కర్ర సర్దుకున్నాడు. "మీ పేరు ఎవరూ పిలవలేదు గదండీ, అయ్యగారూ" అన్నాడు.

 బయటికొచ్చాక రాహేలమ్మను అడిగాను, "మరి ఇదివరకు ఎట్లా తీసుకునేవాడు?" అని. అప్పుడు చెప్పింది. ఆ గంప తెచ్చేదే కాదు, ఇచ్చేది కూడా. ముందు నాలుగు గింజలున్న ఇళ్లకు వెళ్లేది. గంప నిండాక లేనివాళ్ల ఇళ్లకు వెళ్లేది. గుడ్డ ఎత్తి గింజలు వేశారో, తీశారో ఎవరికీ తెలియదు. అన్ని ఇళ్లకూ ఒకే గంప, అన్ని ఇళ్లలోనూ ఒకటే తీరు. తను వీపు పెట్టి నిలబడేది అందుకేనట. అలా ఎన్నేళ్ల నుంచి అని అడిగితే, తన అత్త కూడా అట్లాగే తిరిగేదని చెప్పింది.

"మరి ఎవరికి లేదో నీకెట్లా తెలుస్తుంది?"

"గంప నెత్తికెత్తుకుంటే తెలిసిపోద్దండి. బరువెక్కిందో, తేలికైందో నెత్తి చెబుద్ది."

మూడేళ్లు గ్రీకు చదివిన నేను ఆ పనిని నాలుగు వారాల్లో పాడుచేశాను. సారమ్మ బతికింది. ఆ సాయంత్రమే రాహేలమ్మ గంప మళ్లీ బయల్దేరింది కాబట్టి బతికింది. నేను బయల్దేరమన్నాననడం కంటే, నన్ను అడగకుండా బయల్దేరిందనడం నిజం.

జగ్గయ్యపేటలో

మా పై అధికారి జగ్గయ్యపేటలో ఉండేవారు. పెద్దయ్యగారు అనేవాళ్లం. తెల్ల పంచె ఇస్త్రీ మడత నలగనివ్వని పెద్దమనిషి, కోపం మాత్రం ఎప్పుడూ నాలుక చివరే. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్లూ తిట్లు తిన్నాను, ఇప్పటికీ ఆయన్ను తలుచుకోని వారం లేదు. సైకిలు మీద వెళ్లి జరిగిందంతా ఒప్పుకున్నాను. ఒప్పుకుని, రాహేలమ్మను డీకనుగా నియమించాలని ఉందన్నాను.

"ఉంటే మరి అడ్డమేంటి?"

"ఆడమనిషండి. చదువు లేదండి. ఏసుదాసు ఒప్పుకోడండి."

"మన రూల్సులో డీకను మగవాడై ఉండాలని రాసుందా?"

"రాయలేదండి. ఇదివరకు ఎవరూ చెయ్యలేదండి."

"డీకను అంటే అర్థం ఏంటో చెప్పు."

గ్రీకు చెప్పాను, లాటిన్ చెప్పాను, శెమ్మాశు దాకా వెళ్లాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంత తెలిసీ బెంచీ చేయించావు, గంగాళం పెట్టించావు. ఆవిడ ఏమీ చదవకుండానే పాసయింది. పో, వచ్చే ఆదివారం నేనే వస్తా" అన్నారు.

ఆ ఆదివారం

చెప్పినట్టే బస్సు దిగి, ఆ తెల్ల పంచెతోనే దుమ్ములో నడుచుకుంటూ వచ్చారు. ఆరాధనకు ముందు సంఘాన్ని కూర్చోబెట్టి సంగతి చెప్పారు. ఏసుదాసు లేచాడు. అతనికి కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

"ఆడమనిషి ప్రభు బల్ల దగ్గర నిలబడటమేందండి? చుట్టుపక్కల పల్లెల్లో తలెత్తుకోగలమా? ఆవిడికి సంతకం కూడా రాదు గదండి."

పెద్దయ్యగారు అతణ్ణి ఏమీ అనలేదు. "సరే, ఏసుదాసూ, నువ్వు డీకనువి. ఒక్కటి చెప్పు. ఈ వారం ఈ పేటలో పొయ్యి రాజుకోని ఇళ్లు ఎన్ని?" అని అడిగారు.

ఏసుదాసు ఆలోచించాడు. నన్ను చూశాడు. నాకూ తెలియదు.

"తెలవదండి" అన్నాడు నిజాయితీగా.

పెద్దయ్యగారు ఆడవాళ్ల వైపు తిరిగారు. "రాహేలమ్మా, నీకు తెలుసా?"

ఆమె చాప మీద నుంచి లేచి కొంగు సర్దుకుంది.  నలభై ఇళ్లవాళ్లు ఉన్నారక్కడ. కొందరు తల వంచుకున్నారు. ఆమె ఒక్క పేరు చెబితే ఆ ఇంటి పరువు పోతుంది. చెప్పకపోతే పెద్దయ్యగారి మాట కొట్టేసినట్టవుతుంది, తనకు రాబోయే పేరు పోతుంది.

"తెలుసండి" అంది. "చెప్పనండి."

పెద్దయ్యగారు ఏసుదాసు వైపు తిరిగారు.  "ఏసుదాసూ, ఇంకేమైనా అడగాలా?" అన్నారు. ఏసుదాసు తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు. ఆమెను డీకనుగా నియమించే హస్తనిక్షేపణ అప్పుడు తన చెయ్యి కూడా ఆమె తల మీద పెట్టాడు. అతని గురించి నేను గొప్పగా చెప్పుకునే సంగతి అది.

ఆ రోజు ప్రభు బల్ల దగ్గర ద్రాక్షారసం గిన్నె అందుకుని రాహేలమ్మ ముందు వరసలో ఎవరికీ ఇవ్వలేదు. నేరుగా వెనక్కి, గోడకు ఆనుకుని కర్ర పక్కన పెట్టుకున్న ఇర్మియా దగ్గరికి వెళ్లింది. అప్పటినుంచి పేట మొత్తం ఆమెను డీకనమ్మ అనేది. ఆమె మాత్రం చివరిదాకా చాప మీదే కూర్చుంది. అరవైల్లో నేను జగ్గయ్యపేటకు బదిలీ అయిన తర్వాత ఆమె పోయింది. సమాధి ప్రార్థనకు నన్నే పిలిచారు. 

మా ఆవిడ చెప్పింది

ఇదంతా మొన్న వచ్చిన నలుగురికీ నోటితోనే చెప్పాను. చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉందని ఒప్పుకుంటాను. తప్పు చేసి దిద్దుకున్న మనిషికి ఉండే గర్వం. కాఫీ గ్లాసులు తీయడానికి వచ్చిన మా ఆవిడ అక్కడే నిలబడి అంతా విన్నది.

"ఏవండీ, ఆ రోజు డీకనమ్మ చెప్పనన్న ఇళ్లల్లో మనదీ ఉంది" అంది.

నాకు అర్థం కాలేదు. "మనదేంటి?"

"ఆ ఏడు సంఘం మనకిచ్చే గింజలు సగానికి పడిపొయ్యాయి. మీరేమో దారిన కనపడ్డ ప్రతి ఉపదేశినీ భోజనానికి వెంటబెట్టుకొచ్చేవారు. మీకు చెబితే ఏం చేస్తారు, విశ్వాసం గురించి ప్రసంగం చేస్తారు. నేను గంపలో వేసిన దానికంటే తీసిందే ఎక్కువండి."

"మరి గంగాళంలో పోశావు గదా, నాలుగు ఆదివారాలు?"

"పోశా. అయ్యగారి ఇల్లాలు పొయ్యకపోతే బాగుంటదా? ఆ ఆదివారాలు నేను తినలా. మీరు దోసిలి నిండా పొయ్యమన్నాక శనివారాలు కూడా తినలా."

ఆ మాట ఆమె నిష్టూరంగా అనలేదు. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.   నా భార్య పస్తుండి పోసిన గింజలు చూసి కళ్లు చెమర్చిన మనిషిని నేనే. దారి మారిందండి అని రాహేలమ్మ ఎందుకన్నదో తెలుసుకోవడానికి నాకు ఇన్ని దశాబ్దాలు పట్టింది. ఆవిడ నా ప్రసంగాలు విన్నది, నా చేతుల కింద మోకరించింది, ఏళ్ల తరబడి నాతో రోజూ మాట్లాడింది. ఆ సంగతి ఒక్కసారి కూడా నాకు తన చూపులో కనపడనివ్వలేదు.

డీకను అంటే ఏమిటని మిమ్మల్ని ఎవరైనా అడిగితే గ్రీకు చెప్పండి, తప్పులేదు. నాకు మాత్రం ఇప్పుడు ఒక్కటే కనపడుతుంది. శనివారం సాయంత్రం మా వంటింట్లో పొయ్యి పక్కన గంప ఉంది. మా ఆవిడ గుడ్డ ఎత్తి గింజలు తీసుకుంటోంది. రాహేలమ్మ ఆమెకు వీపు పెట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబడి, వసారాలో ప్రసంగం రాసుకుంటున్న నాతో వానల గురించి మాట్లాడుతోంది.